రహీం సాహెబ్

క్రీడారంగంలో విజేతను గుర్తించినంత త్వరగా అతనిని తీర్చిదిద్దిన గురువును లోకం గుర్తించదు. గోలు చేసిన ఆటగాని మెడలో పూలదండలు పడతాయి. ఆ బంతి అతని కాలికి అందేటట్లు తక్కిన పదిమందిని ఏకసూత్రంపై నడిపిన శిక్షకుడు మైదానపు అంచుననే నిలిచిపోతాడు. అట్లా అంచున నిలిచి భారతదేశ ఫుట్‌బాల్‌ను ఆసియా ఖండంలో అగ్రస్థానానికి చేర్చిన మహనీయుడు సయ్యద్ అబ్దుల్ రహీం. శిష్యులకూ నగర ప్రజలకూ ఆయన రహీం సాహెబ్.

రహీం 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. అప్పటికి హైదరాబాదు నిజాం సంస్థానానికి రాజధాని. మూసీనదికి దక్షిణాన చార్మినార్ చుట్టూ విస్తరించిన పాతనగరం, దానిని అంటిపెట్టుకొని బహదూర్‌పురా, కిషన్‌బాగ్ వంటి బస్తీలు, నదికి ఆవల సైనిక స్థావరమైన సికింద్రాబాదు ఉన్నాయి. దండులోని సిపాయిలు ఆడే ఫుట్‌బాల్ క్రమంగా నగరంలోని బాలురను ఆకర్షించింది. ఒక్క బంతి ఉంటే చాలు, ఇరవైమంది ఆడుకోగల ఆట అది. ఖరీదైన సామగ్రి అక్కరలేదు కనుక పేదవాని ముంగిట కూడా దానికి చోటు దొరికింది.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులైన రహీం విద్యార్థి దశలోనే ఆ విశ్వవిద్యాలయ జట్టులో ఆడి పేరు తెచ్చుకొన్నారు. అయితే వృత్తిగా ఆయన స్వీకరించినది ఉపాధ్యాయత్వం. కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల గల పాఠశాలల్లో పనిచేశారు. తరువాత వ్యాయామవిద్యలో ప్రత్యేక శిక్షణ పొంది విద్యార్థుల ఆటల బాధ్యతను చేపట్టారు. తరగతి గదిలో నేర్చిన ఓర్పును ఆయన మైదానంలోనూ విడువలేదు. పాఠాన్ని విడమరచి చెప్పినట్లే ఆటను విడమరచి చెప్పారు. 1940లలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి కావడంతో ఆయన ఆలోచనలకు విశాలమైన రంగం లభించింది.

ఆ రోజులలో బంతిని కాలికి అంటించుకొని ఒంటరిగా ముందుకు దూసుకుపోవడమే గొప్ప నైపుణ్యమని ఆటగాళ్లు భావించేవారు. ప్రేక్షకులు చప్పట్లు కొట్టేదీ అందుకే. రహీం ఈ ధోరణిని మార్చదలచారు. బంతిని వెంట తీసుకొనిపోకుండా వెంటనే సహచరునికి అందించవలసిందే అన్న నియమంతో పోటీలు నిర్వహించారు. ఆటగాడు తనకు అలవాటు లేని కాలితోనే ఆడాలని మరికొన్ని పోటీలు పెట్టారు. మొదట వీటిని వింతగా చూసినవారు ఉన్నారు. కాని కొంతకాలానికి నగరంలోని కుర్రవాళ్లకు రెండు కాళ్లూ సమానంగా పనిచేయసాగాయి. అంతకంటె ముఖ్యంగా, బంతి తన సొత్తు కాదనీ జట్టు సొత్తనీ వారికి తెలిసివచ్చింది.

1950లో రహీం హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు. వృత్తి క్రీడాకారులతో ఏడాది పొడవునా సాగే జాతీయ లీగులు అప్పటికి మనదేశంలో లేవు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు, ఢిల్లీలో జరిగే డ్యూరాండ్ కప్పు, రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ వంటివే దేశంలోని మేటి జట్లకు గీటురాళ్లు. సిటీ పోలీసు ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులే. సంస్థానం భారత యూనియన్‌లో విలీనమై అప్పటికి రెండేళ్లే గడిచింది. అటువంటి సమయంలో ఆ జట్టు బొంబాయికి వెళ్లి రోవర్స్ కప్పును గెలిచింది. అదే సంవత్సరం మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును కూడా చేజిక్కించుకొన్నది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు హైదరాబాదును వీడలేదు. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి ఆటగాళ్ల పేర్లు కలకత్తా, బొంబాయి నగరాలలో మారుమ్రోగాయి. 1956-57, 1957-58 పోటీలలో హైదరాబాదు వరుసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీని గెలుచుకొన్నది.

ప్రతిభను గుర్తించడంలో రహీం చూపు నిశితమైనది. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అనే పేద యువకుడు ఉండేవాడు. అతని ఆటను చూసిన రహీం శిక్షణకు రమ్మని పిలిచారు. అంత దూరం రోజూ వచ్చిపోవడానికి అతని వద్ద డబ్బు లేదు. రహీం సైకిలు అద్దెకు తానే డబ్బిచ్చి అతనిని రప్పించుకొన్నారు. ఏకలవ్యుని విద్యాభ్యాసానికి గురువు నోచుకోనీయలేదని మన పురాణకథ చెబుతుంది. ఈ గురువు మాత్రం శిష్యుని దారిఖర్చును కూడా భరించాడు. ఆ బలరామ్ 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో భారత జట్టులో ఆడి దేశంలోని గొప్ప ఆటగాళ్లలో ఒకడుగా నిలిచాడు.

రహీం భారత జట్టుకు శిక్షకులుగా ఉండగా 1951లో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మనజట్టు ఇరాన్‌పై 1-0తో గెలిచి స్వర్ణపతకం సాధించింది. కాని మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోరపరాజయం ఎదురైంది. చలిలో మనవారిలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. ఆ ఓటమి తరువాత భారత ఫుట్‌బాల్‌లో బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం ఓటమిని దాచుకోలేదు, దాని నుండి పాఠం నేర్చుకొన్నారు. ఐరోపా జట్లు ఆడే తీరును పరిశీలించి ఆటగాళ్ల స్థానాలను కొత్తగా అమర్చారు. నాలుగేళ్ల తరువాత 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. ఆ పోటీలో నెవిల్ డిసౌజా మూడు గోలులు చేశాడు. తుదకు భారత్‌కు నాలుగవ స్థానం దక్కింది. ఆ బృందంలో థంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, లతీఫ్, బలరామ్ మొదలైన హైదరాబాదు ఆటగాళ్లు ఉండడం గమనింపదగినది.

1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన బృందంలో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. అయినప్పటికీ అతనికి ఒక్క పోటీలోనూ మైదానంలో దిగే అవకాశం రాలేదు. జట్టు అవసరం ముందు పుత్రప్రేమకు తావు లేదని దీనివలన తెలుస్తుంది.

రహీం జీవితంలో అత్యంత కఠినమైన పరీక్ష 1962లో జకార్తాలో ఎదురైంది. అప్పటికే క్యాన్సర్ వ్యాధి ఆయన శరీరాన్ని లోలోపల తినివేస్తున్నది. నాల్గవ ఆసియా క్రీడల తొలి పోటీలోనే భారత్ దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయింది. తరువాత థాయ్‌లాండ్‌పైన, జపాన్‌పైన గెలిచినా గాయాలు జట్టును కుంగదీశాయి. రక్షణపంక్తిలో ఆడే జర్నెయిల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతనిని పక్కనపెట్టడానికి బదులు రహీం సాహసోపేతమైన నిర్ణయం తీసుకొన్నారు. జర్నెయిల్‌ను ముందుపంక్తికి మార్చి గోలులు చేసే బాధ్యతను అప్పగించారు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై భారత్ 3-2తో గెలిచింది. అందులో ఒక గోలు జర్నెయిల్‌దే.

ఫైనల్‌లో మరల దక్షిణ కొరియాయే ప్రత్యర్థి. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను రానీయకపోవడాన్ని భారత ప్రతినిధి ఒకరు విమర్శించినందున స్థానికులు భారత బృందంపై ఆగ్రహంతో ఉన్నారు. సుమారు లక్షమంది ప్రేక్షకులు మనజట్టును గేలిచేయడానికి సిద్ధమయ్యారు. ముందురాత్రి నిద్రపట్టని శిష్యులతో మాట్లాడుతూ రహీం తనకు ఒక కానుక కావాలని అడిగారనీ, ఆ కానుక బంగారు పతకమేననీ ఆటగాళ్లు తరువాతి కాలంలో చెప్పుకొన్నారు. 1962 సెప్టెంబరు 4న జరిగిన ఆ పోటీలో పి.కె. బెనర్జీ, జర్నెయిల్ సింగ్ చెరొక గోలు చేశారు. జ్వరం నుండి పూర్తిగా కోలుకోని థంగరాజ్ గోలు వద్ద గోడవలె నిలిచాడు. బలరామ్, యూసుఫ్‌ఖాన్ కూడా ఆ రోజు ఆడారు. భారత్ 2-1తో గెలిచింది. గురువు అడిగిన దక్షిణను శిష్యులు చెల్లించారు.

ఆ తరువాత ఆయన ఎంతోకాలం జీవించలేదు. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ స్వర్ణపతకం గెలవడం జకార్తాతోనే చివరిది అయింది. హైదరాబాదు పూర్వవైభవం కూడా క్రమంగా సన్నగిల్లింది. 2022లో హైదరాబాదు ఎఫ్‌సి జట్టు వృత్తి క్రీడాకారుల లీగైన ఇండియన్ సూపర్ లీగ్‌ను గెలిచినప్పుడు పెద్దలు రహీం కాలాన్ని తలచుకొన్నారు. 2024లో ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చలనచిత్రం వెలువడడంతో కొత్తతరానికి కూడా ఆ పేరు తెలిసింది.

రహీం చేసిన పనిలో మాయ ఏదీ లేదు. చేతగాని కాలిని సాధనతో చేవగల కాలుగా మార్చడం, తన వద్దనున్న బంతిని పక్కవానికి అందించడం ఆయన నేర్పిన రెండు పాఠాలు. మొదటిది వ్యక్తికి బలం, రెండవది సంఘానికి బలం. కిషన్‌బాగ్ సందులలో బంతిని తన్నే బాలునికైనా, దేశం పేరిట ఆడే క్రీడాకారునికైనా ఈ పాఠాలు ఒక్కటే. ఓర్పుతో బోధించే ఒక బడిపంతులు కొద్దిపాటి వనరులతోనే ఒక నగరాన్ని దేశానికీ, ఒక దేశాన్ని ఖండానికీ ఆదర్శంగా నిలపగలడని రహీం సాహెబ్ జీవితం నిరూపించింది.