సైకిలు వీరుడు యూజెన్ క్రిస్తోఫ్

మన నిర్మల్ పరిసరములు పూర్వము ఇనుమునకును ఉక్కునకును పేరుగాంచినవి. కొలిమి విలువ నెరిగిన యీ ప్రాంతపు విద్యార్థులకు, కొలిమియొద్ద కీర్తి గడించిన యొక సైకిలు పందెగాని చరిత్రమును చెప్పదలచితిమి.

యూజెన్ క్రిస్తోఫ్ 1885 జనవరి 22వ తేదీన ఫ్రాన్సుదేశమున, పారిసు నగరము చెంతనున్న మలకోఫ్‌లో జన్మించెను. మొదట తాళములు చేయువాడై ఇనుపపని నేర్చెను. పిదప సైకిలు పందెములనే వృత్తిగా గైకొని, 1906లో ఫ్రాన్సుదేశమును చుట్టివచ్చు టూర్ డి ఫ్రాన్స్ పందెమున తొలిసారి పాల్గొనెను. 1910లో ఇటలీదేశమున, మిలాను నుండి సాన్ రేమో వరకు జరిగిన పందెమును మంచుతుపానులో గెలిచెను.

1913 సంవత్సరపు టూర్ పందెమున అతడు పిరనీసు పర్వతములలో తూర్మలే కనుమ దిగుచుండగా, ముందుచక్రమును పట్టియుండు ఫోర్కు విరిగెను. అప్పటికి విజయము చేరువలోనే యుండెను. పందెగాడు తన బండిని తానే బాగుచేసికొనవలెను. పరుల సాయము పొందరాదు. ఇది ఆనాటి నిబంధన. క్రిస్తోఫ్ సైకిలును భుజమున నెత్తుకొని, పది కిలోమీటర్లకు పైగా నడచి, సెంత్ మరీ ద కాంపాన్ గ్రామము చేరెను. అచ్చటి కొలిమిలో, పందెపు అధికారులు చూచుచుండగా, ఇనుమును కాల్చి సాగగొట్టి ఫోర్కును స్వహస్తములతో అతికెను. చేతులు రెండును పనిలో నుండుటచే ఒక బాలుడు తిత్తి నూదెను. ఆ స్వల్ప సాయమునకే అధికారులు అతని కాలమునకు కొన్ని నిమిషములు దండుగగా చేర్చిరి!

దాదాపు నాలుగు గంటలు నష్టమయ్యెను. గెలుపు ఆశ యడుగంటెను. అయినను క్రిస్తోఫ్ మరల సైకిలెక్కి, పందెమును కడముట్టించి, ఏడవ స్థానమున నిలిచెను.

1919లో, పందెమున ముందున్నవానికిచ్చు పసుపుపచ్చని అంగీని అందరికంటె మొదట ధరించిన గౌరవము అతనికే దక్కెను. కాని పందెము ముగియవచ్చిన వేళ ఫోర్కు మరల విరిగెను. మరల తానే బాగుచేసికొని మూడవవాడాయెను. అతని దురదృష్టమునకు కరగిన ప్రజలు చందాలు పోగుచేసి యిచ్చిరి. 1922లోను ఫోర్కు విరిగెను. టూర్ విజయము అతనికి ఎన్నడును లభింపలేదు. 1970 ఫిబ్రవరి 1వ తేదీన అతడు మరణించెను.

ఆ దండన కఠినమని మాకును తోచును. అట్టి నిబంధనలు పిమ్మట సడలింపబడినవి. అయినను కొలిమియొద్ద అతడు చేసిన పనిని స్మరించుచు ఆ గ్రామమున ఫలకము నిలిపిరి. పరీక్షలో తప్పి పుస్తకమును మూలబెట్టదలచిన బాలుడు ఆ దినమును తలచుకొనుగాక! ఫలము మన చేతిలో లేకపోవచ్చును. చేపట్టిన పనిని తుదముట్ట నడపుట మన చేతిలోనిదే.