చిత్తుకాగితాల ష్విట్టర్స్

జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామలో దిగాక చేతిలో టికెట్‌ని ఏం చేస్తాం? నలిపి పారేస్తాం. కర్ట్ ష్విట్టర్స్ అయితే దాచుకునేవారు. కొలాజ్ అనగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆయనే.

ఆయన 1887లో జర్మనీలోని హానోవర్‌లో పుట్టారు. డ్రెస్డెన్‌లో పద్ధతిగా పెయింటింగ్ నేర్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం టైంలో ఒక ఇనుప ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశారు. అంటే మన ఇంజినీరింగ్ డ్రాయింగ్ లాంటి పనే అన్నమాట! యుద్ధం అయ్యేసరికి దేశం ముక్కలైపోయింది. ఆయన ఆ ముక్కల్నే ఏరారు. ట్రామ్ టికెట్లు, రేపర్లు, పేపర్ కటింగులు, చెక్కలు, తీగలు అన్నీ కలిపి అతికించారు. ఒక బొమ్మలో, బ్యాంకు ప్రకటన నుంచి చింపిన ‘కొమ్మెర్జ్’ అనే మాటలో ‘మెర్జ్’ ఒక్కటే మిగిలింది. 1919 నుంచి అర్థం లేని ఆ ముక్కే ఆయన కళకి పేరైంది.

మా అమ్మమ్మ పాత చీర ముక్కలతో బొంత కుడుతుంది. అదీ కొలాజే కదా అనిపిస్తుంది. కానీ బొంతకి వెచ్చదనం ఉంటే చాలు. ష్విట్టర్స్‌కి మాత్రం టికెట్ మీద అక్షరాలు కూడా కనపడాలి. అది ఎక్కడ తిరిగొచ్చిందో చూసేవాళ్లకి తెలియాలి.

తర్వాత సొంత ఇంటినే కొలాజ్‌గా మార్చేశారు. చెక్క, ప్లాస్టర్, దొరికిన వస్తువులతో ఏళ్ల తరబడి గదులు నింపుకుంటూ పోయారు. దాని పేరు మెర్జ్‌బౌ. 1937 జనవరిలో నాజీల భయంతో నార్వే వెళ్లిపోయారు. అదే ఏడాది మ్యూనిక్‌లో నాజీలు ఆయన బొమ్మల్ని ఎగతాళి చేయడానికే ప్రదర్శనకి పెట్టారు. భార్య హెల్మా హానోవర్‌లోనే ఉండిపోయారు.

నార్వేలో రెండో మెర్జ్‌బౌ మొదలుపెట్టారు. 1940లో జర్మనీ అక్కడికీ వచ్చింది. బ్రిటన్‌కి పారిపోతే, జర్మన్ అని ఐల్ ఆఫ్ మ్యాన్ క్యాంపులో పెట్టారు. అక్కడ మిగిలిపోయిన ఓట్స్ జావతో కూడా శిల్పాలు చేశారు! 1943 అక్టోబరులో బాంబులు పడి హానోవర్ ఇల్లు పోయింది. 1944లో హెల్మా పోయారు.

అయినా 1947లో ఇంగ్లండ్‌లోని ఒక పల్లెలో, పాత కొట్టంలో మూడోది మొదలుపెట్టారు. చేతిలో ఉన్నది న్యూయార్క్ మ్యూజియం ఇచ్చిన 1000 డాలర్ల సాయం. ఒక్క గోడ కూడా పూర్తికాకముందే 1948 జనవరి 8న చనిపోయారు.

నార్వేలోది 1951లో కాలిపోయింది. ఆ సగం గోడ మాత్రం మిగిలింది. 1965లో దాన్ని ఊడదీసి న్యూకాసిల్‌లోని హ్యాటన్ గ్యాలరీకి చేర్చారు. పోతుందని తెలిసి కూడా మూడోసారి మొదలుపెట్టాడే, ఆ మొండితనం నాకు నచ్చింది.