పిట్టల బొమ్మలు వేయించిన జెర్డాన్ దొర

తూర్పు కనుమల అంచున ఉన్న రోలుగుంట పరిసరాల రైతులకు కంపపొదల్లో తిరిగే పిట్టలు కొత్త కావు. ఇవే కనుమలకు దక్షిణాన, కడప జిల్లాలో, అంతరించిందనుకున్న ఒక పిట్ట మళ్లీ దొరకడానికి బొమ్మలు తోడ్పడ్డాయి. ఆ పిట్టను మొదట లోకానికి తెలిపినవారు డాక్టర్ థామస్ జెర్డాన్.

జెర్డాన్ 1811లో ఇంగ్లండులో జన్మించారు. ఎడింబరోలో చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యునిగా 1836లో మద్రాసు చేరారు. మొదట గంజాం ప్రాంతంలో పనిచేశారు. తరువాత నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉండగా, అడవిని ఎరిగిన యానాదుల నుంచి జంతువుల సంగతులు తెలుసుకున్నారు.

మాటలతో ఎంత వర్ణించినా పిట్టను గుర్తుపట్టడం కష్టం. అందుకే ఆయన మన దేశపు చిత్రకారుల చేత రంగుల బొమ్మలు వేయించారు. 1843 నుంచి 1847 వరకు 50 బొమ్మలతో గ్రంథం వెలువరించారు. ఆ కాలపు రివాజు ప్రకారం పిట్టలను కాల్చి సేకరించేవారు. అవి తరిగిపోతాయన్న చింత అప్పటికింకా బలపడలేదు.

గ్రంథం పూర్తయిన మరుసటి ఏడు, 1848లో, ఆయన పేరు నిలిపిన పిట్ట వెలుగులోకి వచ్చింది. అదే కలివికోడి. పగలు పొదల మాటున ఒదిగి, రాత్రి నేలపై తిరిగి పురుగులను ఏరుకు తింటుంది. 1862-64లో భారతదేశపు పక్షులపై పెద్ద గ్రంథం ప్రచురించిన జెర్డాన్, 1872లో ఇంగ్లండులో కన్నుమూశారు.

1900లో అనంతపురం ప్రాంతంలో అగుపించిన తరువాత కలివికోడి జాడ లేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వారు పిట్ట బొమ్మను పట్టుకుని పల్లెలు తిరిగారు. పుస్తకం చదవని వేటగాళ్లకూ బొమ్మ అర్థమయింది. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి వద్ద ఒక వేటగాడు రాత్రివేళ టార్చిలైటు వెలుగులో దానిని పట్టుకున్నాడు. దాని రక్షణకు లంకమల అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువను సైతం దాని తావు తప్పించి మళ్లించారు.

ఈనాటికీ కలివికోడి ప్రపంచంలోని మిక్కిలి అరుదైన పక్షుల్లో ఒకటి. పనికిరాని కంప అని నరికివేసే పొదలే దానికి ఇల్లు. దొర పేరు పిట్టకు మిగిలింది. పిట్ట మిగలాలంటే మాత్రం ఆ పొదలు మిగలాలి.