జట్టు కూర్చిన ఘనుడు – కాన్ స్మైత్

మంచుగడ్డపై ఆడు హాకీకి కెనడా పుట్టినిల్లు. అందు జట్టును కూర్చుటలో పేరొందిన కాన్ స్మైత్ 1895లో టొరాంటో నగరమున జన్మించెను. 1926లో న్యూయార్కు రేంజర్స్ జట్టుకు ఆటగాండ్రను ఏరి కూర్చెను. ఆటలు మొదలు కాకమునుపే యజమానులు అతనిని తొలగించిరి. అతడు కూర్చిన ఆ జట్టే 1928లో స్టాన్లీ కప్పు గెలిచినది.

స్మైత్ క్రుంగిపోలేదు. 1927లో భాగస్వాములతో టొరాంటో జట్టును కొని, మేపుల్ లీఫ్స్ అని పేరిడెను. మార్ల్‌బరోస్ యువజట్టునుండి కొనాకర్, జాక్సన్‌లను చేర్చుకొనెను. 1930లో 35,000 డాలర్లును, ఇద్దరు ఆటగాండ్రను ఇచ్చి కింగ్ క్లాన్సీని తెచ్చెను. ఆ ధనములో కొంత తన గుఱ్ఱము పందెమున తెచ్చినదే! 1932లో కప్పు టొరాంటోకు దక్కినది.

అంతలో ఆర్థికమాంద్యము ముదిరెను. లీగు జీతములకు హద్దు విధించినది. ఒక దశలో అది జట్టుకు 62,500 డాలర్లు, ఆటగానికి 7,000 డాలర్లు. ఒకనికి హెచ్చించిన వేరొకనికి తగ్గింపక తప్పదు. ఆ లెక్క యజమానులదే. ఆటగాండ్రకు అందు నోరులేదు. 1957లో వారు సంఘము పెట్టుకొనగా స్మైత్ తీవ్రముగా ఎదిరించెను. అందు పాల్గొన్న తన జట్టు నాయకుడు జిమ్మీ థాంసన్‌ను చికాగోకు సాగనంపెను.

స్మైత్ 1980లో మరణించెను. 2005లో జీతముల హద్దు మరల వచ్చినది. కాని ఈ తడవ అది ఆటగాండ్ర సంఘముతో కుదిరిన ఒడంబడికలో భాగముగా వచ్చినది.