అలీ నవాజ్ జంగ్ బహద్దూర్

బాన్సువాడ ప్రాంతమున పయనించువారికి త్రోవ కిరువైపుల పచ్చని వరిచేలు కన్నులపండువు గావించును. ఈ పచ్చదనము వానలవలన మాత్రమే కలిగినది కాదు. మంజీరా నదికి అడ్డముగా కట్టిన నిజాంసాగరమునుండి కాలువలలో వచ్చు నీరు ఈ నేలకు ప్రాణము పోసినది. ఆ సాగర నిర్మాణమునకు సారథ్యము వహించిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దూర్.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877వ సంవత్సరము జూలై 11వ తేదీన హైదరాబాదులో జన్మించెను. నిజాం కళాశాలలో చదివిన పిదప 1896లో ప్రభుత్వ విద్యార్థివేతనము లభింపగా ఇంగ్లండునకు పోయి కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలలో చేరెను. ఆ కాలమున భారతదేశమున పనిచేయవలసిన ఇంజనీర్లకు అచ్చట శిక్షణ మిచ్చుచుండిరి. 1899లో స్వదేశమునకు మరలివచ్చి, హైదరాబాదు సంస్థానపు ప్రజాపనుల శాఖలో ప్రవేశించెను.

తొమ్మిదేండ్లు గడచెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. వేలకొలది జనులు అసువులు బాసిరి. లెక్కకు మిక్కిలిగా ఇండ్లు కూలిపోయెను. నదిని అదుపులో నుంచనిదే నగరమునకు రక్షణ లేదని ఆ విపత్తు చాటెను. సుప్రసిద్ధ ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరమును, ఈసీపై హిమాయత్‌సాగరమును నిర్మించిరి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తియయ్యెను. మూసీతీరమున ఉన్నత న్యాయస్థానము, ఉస్మానియా వైద్యశాల మొదలగు దివ్యభవనములు లేచెను. చూచుచుండగనే నగరపు రూపు మారిపోయెను. ఈ మార్పుల నడుమ, 1918లో, అలీ నవాజ్ జంగ్ ముఖ్య ఇంజనీరు పదవి నధిష్ఠించెను.

రాజధానిలో సౌధములు వెలసిన మాత్రమున రాజ్యము సుభిక్షము కాదు. పల్లెలలో రైతునకు నీరు కావలెను. వానలు కురిసిన యేట పంట, కురియని యేట కరవు. మంజీర మాత్రము నిండుగా ప్రవహించి గోదావరిలో కలిసిపోవుచుండెను. ఆ నీటిని నిలిపి పొలములకు మరలించుటకై 1923లో అచ్చంపేట చెంత నిజాంసాగర నిర్మాణ మారంభమయ్యెను. ఎనిమిదేండ్లు శ్రమించి, 1931 నాటికి పనిని ముగించిరి. సుమారు మూడు కిలోమీటర్ల పొడవు గల ఆ రాతికట్టపై వాహనములు పోవుటకు బాటయు కలదు. నాడు అందులో 2,970 కోట్ల ఘనపుటడుగుల నీరు నిలుచుటకు వీలుండెను. 2,75,000 ఎకరములకు నీరందించుట దాని లక్ష్యము.

అయితే ఈ మేలునకు మూల్యము చెల్లించినవారును కలరు. జలాశయము కొరకు 40 గ్రామములను ఖాళీ చేయించిరి. తాతముత్తాతలనాటి ఇండ్లను, పొలములను విడిచిపోయిన ఆ పల్లెవాసుల త్యాగమును మరువరాదు. వారు విడిచిన నేలపై నిలిచిన నీరే దిగువనున్న వేల కుటుంబములకు అన్నము పెట్టినది. కోస్తా జిల్లాలనుండి సయితము రైతులు వచ్చి కాలువల క్రింద స్థిరపడిరి. చెరకుసాగు పెరుగగా 1937లో బోధనులో చక్కెర కర్మాగారము వెలసెను.

అలీ నవాజ్ జంగ్ కీర్తి సంస్థానపు టెల్లలు దాటెను. 1938లో జవాహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘమున నదుల నియంత్రణ, నీటిపారుదల ఉపసంఘమునకు ఆయన అధ్యక్షుడయ్యెను. 1949 డిసెంబరు 6వ తేదీన పరమపదించెను.

ఆనకట్ట కట్టుటతోనే మనుజుని బాధ్యత తీరిపోదు. మంజీర యేటేట మోసికొనివచ్చిన ఒండ్రు సాగరగర్భమున పేరుకొని, 1973 నాటికి అందలి నీటి నిలువలో సగమునకు పైగా హరించినది. పిమ్మట నీటిమట్టమును పెంచి ఆ నష్టమును కొంతవరకు పూరించిరి. కట్టినవారు ఒక తరమువారు. కాపాడవలసినవారు తరువాతి తరములవారు.

ఆయన జన్మదినమైన జూలై 11వ తేదీని తెలంగాణమున ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నారు. ఆయన పేరు నెరుగని రైతు సయితము కాలువనీటిని మడిలోనికి మరలించునపుడు ఆయన కృషిఫలమునే అనుభవించుచున్నాడు.