కుర్సీ పోయింది.. బ్యాంకు నిలవడ్డది

నార్త్ డకోటా అంటే అమెరికాల కెనడాను ఆనుకొని ఉన్న గోధుమల రాష్ట్రం. వందేండ్ల కింద అక్కడి రైతు కష్టపడి పండిస్తుండె గని, ధర ఆయన చేతుల లేకుండె. పంట కొనే గోదాములు, మోసే రైళ్లు, ఆడించే మిల్లులు, అప్పిచ్చే బ్యాంకులు.. చానామట్టుకు బయటి రాష్ట్రాల పెద్ద షావుకార్ల చేతులనే. కాంటా కాడ తరుగు తీస్తుండ్రి. మంచి గింజకు గూడ తక్వ గ్రేడు ఏస్తుండ్రి.

గా కోపంలకెళ్లే 1915ల నాన్‌పార్టిజన్ లీగ్ పుట్టింది. అవిసె పంటేసి దివాలా తీసిన ఆర్థర్ టౌన్లీ దాన్ని మొదలువెట్టిండు. ఫోర్డ్ కార్లల్ల ఊరూరు తిరిగి రైతులను చేర్పించిండ్రు. కొత్త పార్టీ పెట్టలే. రిపబ్లికన్ పార్టీ లోపలి ఎన్నికలల్లనే తమ మనుషులను నిలబెట్టిండ్రు.

గవర్నర్ పదవికి ఎవరిని నిలబెట్టాలె? అక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లెక్క, జనమే సీదా ఓటేసి ఎన్నుకుంటరు. లీగ్ ఎంచుకున్నది లిన్ ఫ్రేజర్‌ను. 1874ల పుట్టిండు. 1901ల యూనివర్సిటీ చదువు అయిపోయినంక మల్ల ఎవుసానికే వచ్చిండు. రాజకీయాలల్ల పెద్దగ పేరు లేని మనిషి. 1916 ఎన్నికలల్ల నూటికి డెబ్బైకి మీదనే ఓట్లు పడ్డయి.

1919ల అసెంబ్లీ సుత లీగ్ చేతికి వచ్చింది. ఇగ పని షురూ. 20 లక్షల డాలర్ల మూలధనంతోని సర్కారు బ్యాంకు తెరిచిండ్రు. సర్కారు పిండి మిల్లుకు, రాళ్లవాన బీమాకు చట్టాలు తెచ్చిండ్రు.

గని గోధుమ ధర కూలింది. చిన్న బ్యాంకులు మూతవడ్డయి. పెద్ద బ్యాంకులు సర్కారు బాండ్లు కొననంటే కొననన్నయి. లీగ్ లోపలనే కొట్లాటలు అయినయి. పదవిల ఉన్నోన్ని నడుమల దించే హక్కు 1920ల్నే ఓటర్లకు వచ్చింది. 1921 అక్టోబర్ 28న గా హక్కు ఫ్రేజర్ మీదనే పడ్డది. నాలుగు వేల ఓట్ల తేడాతోని కుర్సీ పోయింది. అమెరికాల గిట్ల జనం దించేసిన మొదటి గవర్నర్ ఆయనే. ఆయనతోని పాటు అటార్నీ జనరల్ విలియం లెమ్కే గూడ దిగిండు.

అసలు ముచ్చట ఇక్కడుంది. గదే రోజు బ్యాంకును మూసేద్దామా అని గూడ ఓటు పెట్టిండ్రు. జనం వద్దన్నరు. మనిషిని దించిండ్రు, పనిని నిలవెట్టుకున్నరు.

ఫ్రేజర్ మూలకు కూసోలే. తెల్లారి ఏడు, 1922ల, అదే జనం ఆయనను దేశ సెనేట్‌కు పంపిండ్రు. 1934ల ఫ్రేజర్, లెమ్కే కలిసి ఒక చట్టం తెచ్చిండ్రు. అప్పుల మునిగిన రైతు భూమి వేలానికి పోకుండ, కిరాయి కట్టుకుంట ఐదేండ్లు దాన్నే దున్నుకోవచ్చు. 1935ల సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే ఏడు గడువును మూడేండ్లకు తగ్గించి మల్ల తెచ్చిండ్రు. 1937ల కోర్టు ఒప్పుకున్నది.

1940ల పార్టీ లోపలి పోటీల ఓడిండు, 1947ల సచ్చిపోయిండు. ఇయ్యాల ఆయన పేరు అమెరికాల గూడ చానామందికి తెల్వదు. గని గా బ్యాంకు ఇంక నడుస్తుంది, గ్రాండ్ ఫోర్క్స్‌ల పిండి మిల్లు ఆడుతనే ఉంది. లీడర్‌ను నిలదీయాలె, అవసరమైతే దించాలె. గని మనకోసం కట్టుకున్నదాన్ని కోపంల కూలగొట్టుకోవద్దు. గా రైతులకు గీ ఫరక్ తెలుసు.