షెర్లాక్ హోమ్స్‌ను పుట్టించిన హాస్టల్ విద్యార్థి

డిటెక్టివ్ నవల అనగానే మన సీనియర్లకు కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, రాజు గుర్తుకొస్తారు. స్టడీ అవర్‌లో సైన్సు పుస్తకం మధ్యన పెట్టుకుని చదివినవాళ్లు మనలో ఎంతమందో! ఆ జంటకు పెద్దన్నల్లాంటివాళ్లు షెర్లాక్ హోమ్స్, డాక్టర్ వాట్సన్. వారిని సృష్టించిన సర్ ఆర్థర్ కానన్ డాయల్ కూడా హాస్టల్లో పెరిగినవారే.

ఆయన 1859 మే 22న స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జన్మించారు. తండ్రి తాగుడుకు బానిస, ఇల్లు గడవడమే కష్టం. తల్లి మేరీ కథలు చెప్పడంలో దిట్ట. తొమ్మిదో ఏట డబ్బున్న బంధువుల సాయంతో దూరాన ఉన్న స్టోనీహర్స్ట్ బడిలో చేరారు. అక్కడ దెబ్బలు ఎక్కువ, తిండి అంతంత మాత్రం. తోటి పిల్లలకు కథలు చెబుతూ, మంచి పట్టులో ఆపేసి, తినుబండారం ఇస్తేనే తర్వాతి ముక్క చెప్పేవారట. మన దగ్గరైతే ఆదివారం గుడ్డు అడిగేవారేమో!

వైద్యం చదివేటప్పుడు డాక్టర్ జోసెఫ్ బెల్ అనే గురువు, రోగి నోరు విప్పకముందే అతని నడక, చేతులు చూసి వృత్తి చెప్పేసేవారు. హోమ్స్ తెలివి అక్కడిదే. 1887లో వచ్చిన మొదటి హోమ్స్ నవల హక్కులన్నిటికీ డాయల్‌కు ముట్టింది 25 పౌండ్లు. 1891 నుంచి స్ట్రాండ్ పత్రికలో కథలు రావడంతో పేరు మారుమోగింది. మొత్తం 56 కథలు, 4 నవలలు.

మాకు మాత్రం కథలకన్నా ఆయన నిజంగా పట్టించుకున్న ఒక కేసే గొప్పది. జార్జ్ ఎడల్జీ ఇంగ్లాండులో యువ న్యాయవాది. తండ్రి బొంబాయి నుంచి వెళ్లిన పార్సీ, అక్కడ చర్చి పాస్టరు. రాత్రిపూట పొలంలో గుర్రాన్ని కోశాడని 1903లో ఎడల్జీకి ఏడేళ్ల శిక్ష వేశారు. మూడేళ్లకు వదిలినా నేరస్థుడన్న ముద్ర పోలేదు, వకీలు పని దక్కలేదు. డాయల్ కలవడానికి వెళ్లేసరికి అతను పేపరును కళ్లకు ఆనించుకుని, పక్కకు తిప్పి చదువుతున్నాడు. కంటి వైద్యం నేర్చిన డాయల్‌కు సంగతి అర్థమైపోయింది. ఈ చూపుతో చీకట్లో రైలు పట్టాలు, కంచెలు దాటి వెళ్లడం కాని పని. అమావాస్య రాత్రి లైటు లేకుండా మన కొండగట్టు గుట్ట దారిలో నడిచినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. 1907 జనవరిలో డైలీ టెలిగ్రాఫ్‌లో అంతా వివరంగా రాశారు. మే నెలలో ప్రభుత్వం క్షమాపణ మంజూరు చేసింది. నష్టపరిహారం మాత్రం ఒక్క పైసా ఇవ్వలేదు! ఆ ఏడే అక్కడ క్రిమినల్ అప్పీలు కోర్టు ఏర్పడటానికి ఈ కేసూ ఒక కారణం. సెప్టెంబరులో జరిగిన డాయల్ రెండో పెళ్లికి వచ్చిన అతిథుల్లో ఎడల్జీ కూడా ఉన్నారు.

చివరి ఏళ్లలో చనిపోయినవారి ఆత్మలతో మాట్లాడవచ్చని నమ్మి దేశదేశాలు తిరిగి ఉపన్యాసాలిచ్చారు. హోమ్స్‌ను రాసిన చేతికి అది నప్పలేదని మా అభిప్రాయం. 1930 జులై 7న ఆయన కన్నుమూశారు.